హైదరాబాద్ నుంచి కావలికి రాత్రి స్లీపర్‌లో ఒంటరిగా: ఎక్కే టైమ్ కాదు, దిగే టైమ్ చూసుకోండి

మీది కావలి పక్కన పల్లె. హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చింది. రాత్రి రైల్లో స్లీపర్ క్లాసులో ఒక్కదాన్నే వచ్చిపోతానంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు. "అసలు సేఫేనా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి" అని అడిగారు. మాదీ కావలే. చదువు అయిపోయిన దగ్గర్నుంచి ఇదే దారిలో ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను.

బోగీలో పడుకున్నంతసేపు పెద్దగా భయం లేదు. పాత బోగీ అయితే 72, కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీ అయితే 80 బెర్తులు. చుట్టూ పిల్లాజెల్లా, తిరుపతి వెళ్లే ముసలివాళ్లు, గురక పెట్టే పెద్దమనుషులు. ఎవడైనా కొంచెం తేడాగా ప్రవర్తిస్తే నోరు తెరిచి గట్టిగా ఒక్క మాట అంటే చాలు, నలుగురు లేస్తారు. మీ అమ్మానాన్నలు భయపడేది ఈ బోగీ గురించే అనుకుంటాను. నేను టెన్షన్ పడేది మాత్రం రైలు దిగాక. నడిరాత్రి కావలి ప్లాట్‌ఫారం మీద బ్యాగుతో నిలబడి ఉంటారు చూడండి, ఆ గంట గురించి.

మన నెల్లూరు జిల్లావాళ్ల తిప్పలు ఏందంటే, హైదరాబాద్ నుంచి సాయంత్రం బయల్దేరే రైళ్లు మనకోసం పెట్టినవి కావు. నారాయణాద్రి, పద్మావతి తిరుపతి వాళ్లను పొద్దున్నే కొండ కింద దించడానికి. చార్మినార్ మద్రాసు వాళ్లను ఆఫీసు టైముకు చేర్చడానికి. చివరి ఊరికి పొద్దున చేరాలంటే మధ్యలో ఉన్న ఒంగోలు, కావలి, నెల్లూరు ఎప్పుడు రావాలి? అర్ధరాత్రో, ఆ తర్వాతో. ఆరింటికి ఎక్కి హాయిగా పడుకోవచ్చు అని చార్మినార్ బుక్ చేసుకుంటారు కొత్తవాళ్లు. తీరా చూస్తే కుక్కలు తప్ప మనిషి తిరగని వేళ మన స్టేషన్‌లో దిగాలి.

అందుకే టికెట్ బుక్ చేసేటప్పుడు ఎక్కే టైమ్ పక్కన పెట్టి, మీ స్టేషన్‌కు ఎప్పుడొస్తుందో అది చూడండి. నా ఓటు సింహపురి ఎక్స్‌ప్రెస్‌కే. సికింద్రాబాద్‌లో రాత్రి పొద్దుపోయాక బయల్దేరుతుంది, మనవైపు వచ్చేసరికి తెల్లారుతుంది. పైగా గూడూరుతో దాని ప్రయాణం అయిపోతుంది కాబట్టి నిద్రపోయినా మహా అయితే గూడూరు. అదే చార్మినార్‌లో నిద్రపట్టేస్తే నెల్లూరు, గూడూరు దాటి మద్రాసు దారి పట్టినట్టే. తిరుపతి రైళ్లలో అయితే రేణిగుంట వైపు పోతారు. టైములు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు ఒకసారి సరిచూసుకోండి.

ఇటు నుంచి హైదరాబాద్ వెళ్లడానికి ఈ బాధ లేదు. ఇంట్లో అన్నం తిని రాత్రికి ఎక్కితే పొద్దున సికింద్రాబాద్. అక్కడ వెలుగు ఉంటుంది, జనం ఉంటారు. కాబట్టి వెళ్లేటప్పుడు ఏ రైలైనా పర్వాలేదు, వచ్చేటప్పుడే కాస్త ఎంచుకోవాలి.

సింహపురిలో టికెట్ దొరక్క చార్మినార్‌లోనే రావాల్సి వస్తే దిగే పని ముందే సర్దుకోవాలి. కావలిలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో లేచి, చెప్పులు వెతుక్కుని, బెర్త్ కింద చైనుకు వేసిన తాళం తీసుకుని దిగడం కుదరదు. ఒంగోలు నుంచి కావలికి గంట లోపే. అందుకే ఒంగోలులో లేచి కూర్చోవాలన్నది నా రూలు. ఒంగోలుకు ముందు గుండ్లకమ్మ బ్రిడ్జి మీద రైలు చప్పుడు మారుతుంది, అలవాటైతే దానికే మెలకువ వస్తుంది. నెల్లూరులో దిగేవాళ్లకు పెన్నా బ్రిడ్జి ఉంది గానీ అది ఎందుకూ పనికిరాదు, బ్రిడ్జి దాటగానే స్టేషనే.

అలవాటయ్యేదాకా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకోండి, స్టేషన్ రావడానికి కొంచెం ముందు మీ ఫోన్ మోగుతుంది. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లోనూ అలారం ఉంది. అది సెల్ టవర్లను బట్టి రైలు ఎక్కడుందో చెప్తుంది కాబట్టి నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మామూలు గడియారం అలారం మాత్రం నమ్ముకోవద్దు, రైలు గంట లేటయితే అది ఊరికే లేపుతుంది, మళ్లీ పడుకుంటే అంతే సంగతులు. ఇవన్నీ పనిచేయాలంటే ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బోగీల్లో చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేయాలని రైల్వే రూలు. కొన్ని రైళ్లలో ఆపరు, కొన్నిట్లో ఆపేస్తారు. ఎక్కగానే చార్జింగ్ పెట్టేసుకోండి, పవర్ బ్యాంక్ కూడా ఉంచుకోండి.

ఇక బెర్త్ విషయం. ప్రతి ఎనిమిదింటిలో 1, 4 లోయర్, 2, 5 మిడిల్, 3, 6 అప్పర్, 7 సైడ్ లోయర్, 8 సైడ్ అప్పర్. ఈ లెక్కే బోగీ చివరిదాకా. ఒంటరి ఆడవాళ్లకు చాలామంది లోయర్ చెప్తారు. నేను ఒప్పుకోను. లోయర్ అంటే రాత్రి 10 దాకా అందరి సోఫా అది. మిడిల్ బెర్త్ వేసుకోవడానికి టైమే 10 నుంచి పొద్దున 6 వరకు, అప్పటిదాకా పైవాళ్లంతా మీ పక్కనే కూర్చుంటారు. 10 దాటాక కూడా "కొంచెం జరగమ్మా" అని కాళ్ల దగ్గర కూలబడేవాళ్లు ఉంటారు. అప్పర్ ఎక్కితే మీ జోలికి ఎవరూ రారు. బ్యాగు తల కింద పెట్టుకుని, చున్నీ కప్పుకుని పడుకోవచ్చు. ఎండాకాలంలో పైన వేడి, అది ఒప్పుకుంటాను. వెళ్లేటప్పుడు నేను అప్పర్, వచ్చేటప్పుడు సైడ్ అప్పర్ అడుగుతాను. సైడ్ అప్పర్ కొంచెం ఇరుకే, పొడుగు మనుషులకు కాళ్లు తగులుతాయి. కానీ చీకట్లో దిగేటప్పుడు ఎవరి చేతులూ కాళ్లూ తొక్కకుండా నేరుగా దారిలోకి దిగిపోవచ్చు. అడిగిందల్లా ఇస్తారని కాదు. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది వస్తే బాత్రూం కంపు, తలుపు చప్పుడు రెండూ మీకే.

బుకింగ్‌లో లేడీస్ కోటా అని ఒకటి ఉంది, చాలామంది అటు చూడరు. దూర ప్రయాణం మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్‌లో 6 బెర్తులు ఒంటరిగా గానీ ఆడవాళ్ల గుంపుగా గానీ వెళ్లేవాళ్లకు తీసిపెడతారు, వయసుతో పనిలేదు. జనరల్‌లో వెయిటింగ్ లిస్ట్ చూపిస్తున్నప్పుడు కోటా మార్చి చూడండి, కొన్నిసార్లు అందులో దొరుకుతుంది. బుకింగ్ 60 రోజుల ముందే మొదలవుతుంది, సంక్రాంతికైతే ఆ రోజు పొద్దున్నే కూర్చోవాల్సిందే. ఆర్‌ఏసీ వస్తే సైడ్ లోయర్ మీద ఇంకొకరితో సగం సగం. నాకు ఒకసారి అలాగే ఒక మగమనిషితో పడింది. మనిషి మంచివాడే గానీ రాత్రంతా మోకాళ్లు ముడుచుకుని ఎవరు కూర్చుంటారు? టీటీని అడిగితే లిస్టు చూసి ఇంకో బోగీలో ఒక ఆవిడ పక్కకు మార్చాడు. అడగడానికి మొహమాటపడొద్దు.

ఎక్కాక బెర్త్ మార్చమని మిమ్మల్ని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒంటరిగా ఉన్న అమ్మాయి కనపడితే "మేమంతా ఫ్యామిలీ అమ్మా, నువ్వు ఎస్7కు పోతావా" అంటారు. మీ ఎనిమిది బెర్తుల్లోనే పైకి కిందికి అయితే సరే, పెద్దవాళ్లకు లోయర్ ఇచ్చేయండి. వేరే బోగీకి మాత్రం వద్దు. టీటీ దగ్గర, ఇంట్లో వాళ్ల దగ్గర ఉన్నది మీ టికెట్ మీద నంబరే. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు 2020 అక్టోబరు నుంచి మేరీ సహేలీ అని నడుపుతున్నారు. రైలు బయల్దేరే స్టేషన్‌లో మహిళా పోలీసులు వచ్చి ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల బోగీ, బెర్త్ నంబర్లు రాసుకుంటారు, దారిలో స్టేషన్లలో డ్యూటీవాళ్లకు అవే చెప్తారు. నన్ను ఇద్దరు అమ్మాయిలు వచ్చి అడిగారు, మా అమ్మకు ఫోన్‌లో చెప్తే సగం దిగులు తీరింది ఆవిడకు. మీ ఇంట్లో కూడా ఈ మాట చెప్పి చూడండి.

రాత్రిలో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు విజయవాడ. రైలు చాలాసేపు ఆగుతుంది, దిగేవాళ్లు దిగుతారు, కొత్త జనం ఎక్కుతారు, జనరల్ టికెట్ వాళ్లు కూడా తోసుకొస్తారు. ఫోన్లు, చెప్పులు, బ్యాగులు ఎక్కువగా మాయమయ్యేది ఇలాంటి చోటే. ఆ పది పదిహేను నిమిషాలు కళ్లు తెరుచుకుని ఉండండి, రైలు కదిలాక పడుకోవచ్చు. (నారాయణాద్రి విజయవాడ రాదు, గుంటూరు మీదుగా తెనాలి వస్తుంది.) ఎవరైనా ఇబ్బంది పెడితే అదే 139కి ఫోన్ చేయండి, ఫిర్యాదు కూడా అక్కడే, రైలు నంబరు, బోగీ, బెర్త్ చెప్తే తర్వాతి పెద్ద స్టేషన్‌లో పోలీసులు వస్తారు.

ఒకవేళ నిద్రపోయి స్టేషన్ దాటిపోయారే అనుకోండి. కంగారుపడి చిన్న స్టేషన్‌లో ఎక్కడంటే అక్కడ దూకేయొద్దు. పెద్ద స్టేషన్ వచ్చేదాకా కూర్చోండి. టీటీ వస్తే జరిగింది చెప్పి ఎక్స్‌ట్రా చార్జీ కట్టండి. 1989 రైల్వే చట్టంలో 139వ సెక్షన్ ఉంది. తోడు మగవాళ్లు లేని మహిళను, టికెట్ లేకపోయినా సరే, రాత్రిపూట దారిలో దించేయడానికి లేదు. దించితే పగలే, అదీ ఎక్కిన చోటో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో. ఇది తెలిసి ఉంటే మాట గట్టిగా వస్తుంది. ఫోన్ నంబరూ 139, సెక్షనూ 139, గుర్తుపెట్టుకోవడం తేలిక.

చీకటి ఉండగా దిగితే స్టేషన్ బయటకు పోవద్దు. నేను వస్తున్నప్పుడు మా నాయన యాప్‌లో రైలు చూసుకుంటూ ఒంగోలు దాటగానే స్కూటర్ తీస్తాడు. వద్దన్నా అరగంట ముందే వచ్చి నిలబడతాడు. మీ ఇంటి నుంచి ఎవరైనా రాగలిగితే రైలు నంబరు, పీఎన్ఆర్ పంపి ఉంచండి. ఎవరూ రాలేకపోతే స్టేషన్ మాస్టర్ గదికి దగ్గరగా, లైటు ఉన్న బెంచీ మీద తెల్లారేదాకా కూర్చోండి. ఉదయగిరి, వింజమూరు వైపు పోయే పిల్లలు ఎంతమందో అలాగే మొదటి బస్సు దాకా కూర్చుంటారు. వాళ్లతో కలిసిపోతే సరి. ఆటోవాడు "రామ్మా దింపుతా" అన్నా ఆ చీకట్లో పల్లెదాకా ఒక్కరే వద్దు.

ఒక విచిత్రం చెప్తాను. ఈ దారిలో రైలు లేటయితే నేను తిట్టుకోను. మూడింటికి రావాల్సింది ఆరింటికి వస్తే అంతకంటే ఏం కావాలి! కాకపోతే నవంబరు, డిసెంబరు వానల్లో జాగ్రత్త. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. తుఫాను హెచ్చరిక ఉన్న వారం ప్రయాణం వాయిదా వేసుకోండి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెరుగన్నమో పులిహోరో కట్టుకోండి, కొత్తవాళ్లు ఇచ్చింది మర్యాదగా వద్దనండి. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు మీ అమ్మ చేపల పులుసు డబ్బాలో పోసిస్తానంటుంది, మర్నాటికి ఇంకా రుచి అని. నిజమే, రుచే. కానీ ఆ డబ్బా మీ బెర్త్ మీద కారిందంటే సికింద్రాబాద్ దాకా బోగీ మొత్తం మిమ్మల్నే చూస్తుంది. స్టీలు డబ్బా, గట్టి మూత, పైన రెండు కవర్లు.

ఇంట్లో బస్సు అంటున్నారన్నారు కదా. బస్సులో వస్తే కూడా హైవే మీద ఏ మూడింటికో బైపాస్‌లో దించిపోతారు, అక్కడ బెంచీ ఉండదు, లైటు ఉండదు, స్టేషన్ మాస్టర్ ఉండడు. ఈ మాట మీ నాన్నగారికి చెప్పండి.

మీ ఊరికి కావలి నుంచి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో, మీకు శుక్రవారం ఆఫీసు ఎన్నింటికి అయిపోతుందో కింద రాయండి. దాన్ని బట్టి ఏ రైలు కుదురుతుందో చూసి చెప్తాను.