ఫ్రేములో ఫ్యానూ సైకిలూ: ఓటు మీద లఘుచిత్రం తీసే విద్యార్థులకు

జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. ఆ రోజు కోసం కాలేజీల్లో ఓటరు చైతన్యం మీద లఘుచిత్రాల పోటీలు జరుగుతుంటాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ వాటి గురించే.

ప్రశ్న: ‘ఓటు అమ్ముకోవద్దు’ అన్నది మా అంశం. జట్టులో అయిదుగురం ఉన్నాం. నిడివి ఎంత ఉండాలి? కథ ఎలా ఉంటే బాగుంటుంది? (డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట)

జవాబు: నిడివి సంగతి నిబంధనల కాగితంలో చూసుకోండి. ఒక్కో పోటీది ఒక్కో లెక్క. ఎన్నికల సంఘం 2022లో పెట్టిన పోటీలో వీడియో ఒక్క నిమిషమే. జాతీయ మానవ హక్కుల కమిషన్ పోటీలో 3 నుంచి 10 నిమిషాలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కూడా అడుగుతారు. స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అనుకోండి. పేర్లు పడే 15 సెకన్లనూ నిడివిలో కలిపే లెక్క వేసుకోండి, చివర్లో కోతలు తప్పుతాయి.

కథ విషయానికొస్తే, ఇలాంటి చిత్రాలు సగం చివరి నిమిషంలో చెడిపోతాయి. అప్పటిదాకా బాగానే నడిచి, ఒక మాస్టారు వచ్చి ఓటు విలువ మీద ఉపన్యాసం మొదలుపెడతారు. దాన్ని తీసేయండి. ఓటరు స్లిప్పులో మడిచిన రెండు అయిదు వందల నోట్లను అవ్వ బియ్యం డబ్బాలో దాస్తుంది. వారం తిరక్కుండానే మందుల షాపులో బిల్లు చెప్పగానే ఆ మడత విప్పుతుంది. నోట్లు రెండూ గల్లా మీదికి వెళ్లిపోతాయి, స్లిప్పు ఆమె చేతిలో మిగులుతుంది. అక్కడ కట్ చేయండి. అవ్వను దోషిని చేసి చూపిస్తే మాత్రం చూసేవాళ్లు మీ పక్షాన ఉండరు.

చట్టం చూపించాలనుకుంటే సరిగ్గా చూపించండి. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల ప్రకారం ఓటుకు డబ్బు ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నిజంగా జరిగింది కావాలంటే మన చిత్తూరు పక్కనే ఉన్న వెల్లూరు ఉంది. డబ్బు పెద్ద ఎత్తున దొరకడంతో 2019లో అక్కడి లోక్‌సభ ఎన్నికనే రద్దు చేశారు.

ప్రశ్న: పోలింగ్ బూత్ సీను ఎక్కడ తీయాలి? ఏయే వస్తువులు కావాలి? (పాలిటెక్నిక్ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: పోలింగ్ రోజున అసలు బూత్‌లో తీద్దామన్న ఆలోచన మానుకోండి. ఎన్నికల సంఘం అనుమతి లేకుండా లోపల చిత్రీకరించనివ్వరు. మామూలు సెలవు రోజున, ప్రధానోపాధ్యాయుల చేత అనుమతి కాగితం రాయించుకుని, బడి గదిలో తీయండి. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తుతో అట్టపెట్టె మూడు వైపులా నిలబెడితే ఓటు వేసే చాటు తయారవుతుంది.

ఓటు వేసే యంత్రంలో గుర్తు పక్కన నీలం బటన్, దాని దగ్గర ఎర్ర లైటు ఉంటాయి. ‘బీప్’ వచ్చేది ఓటరు ముందున్న పెట్టెలోంచి కాదు, అధికారి బల్ల మీదున్న కంట్రోల్ యూనిట్‌లోంచి. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. నిమిషం చిత్రంలో అంతసేపు చీటీనే చూపలేరు కాబట్టి రెండు సెకన్లు చీటీ మీద, మిగతాది ఓటరు ముఖం మీద పెట్టండి. సిరా గీత ఎడమ చూపుడు వేలికి, గోరు మీద నుంచి కిందికి. కుడి వేలికి చుక్క పెట్టిన పోస్టర్లు చూసి మోసపోకండి.

ఇక అసలు చిక్కు. మన రాష్ట్రాల్లో ఇంట్లోని వస్తువులే పార్టీ గుర్తులు. పైన తిరిగే ఫ్యాను, గోడకు ఆనించిన సైకిలు, టీ గ్లాసు, వాకిట్లో కారు, ముగ్గులో తామరపువ్వు, అడ్డుగా చాపిన అరచెయ్యి... మీరు ఏమీ అనుకోకుండా పెట్టినా న్యాయనిర్ణేతకు అందులో ఒక పార్టీ కనిపిస్తుంది. పసుపు, గులాబీ కండువాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతి షాట్‌కు ముందు ఒకరు ఫోన్ తెర మీద నాలుగు మూలలూ చూసి, ఇలాంటివి తీయించాలి. ఆ పని ఒకరికే అప్పగించండి, లేకపోతే ఎవరూ చేయరు. మీ నకిలీ యంత్రం మీది గుర్తులు ఎన్నికల సంఘం జాబితాలో లేనివై ఉండాలి. కాలీఫ్లవర్, బెండకాయ కూడా ఆ జాబితాలో ఉన్నాయి మరి.

ప్రశ్న: ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో తీస్తే చారలు పాకుతున్నాయి. మాటలు కూడా పెదాలకు కలవడం లేదు. (ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఫోన్ మామూలుగా సెకనుకు 30 ఫ్రేములతో, 1/60 సెకను షట్టర్‌తో తీస్తే ఆ లెక్కా ఈ లెక్కా కలవక చారలు వస్తాయి. ప్రో మోడ్‌లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి లాక్ చేయండి. మరీ వెలుతురుంటే 1/100. మీ ఫోన్‌లో ఆ వీలు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగుల సర్దుబాటు) కూడా లాక్ చేయకపోతే షాట్ మధ్యలో గోడ రంగు మారిపోతుంది.

రెండోది: వెలుతురు తగ్గినప్పుడు ఫోన్ ఫ్రేముల సంఖ్యను తనంతట తానే మార్చేస్తుంది. విడిగా రికార్డు చేసిన మాట మొదట్లో కలిసినట్టే ఉండి, రెండో నిమిషానికి జారుతుంది. ఎడిటింగ్‌కు ముందు ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని మార్చుకోండి. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపండి (ఫ్యానుకు ఇది రెండో కారణం). మాటలయ్యాక అందరినీ కదలకుండా కూర్చోబెట్టి 30 సెకన్లు గది నిశ్శబ్దాన్నే రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అతుకుల దగ్గర అదే కాపాడుతుంది.

ప్రశ్న: సినిమా పాట పదిహేను సెకన్ల లోపు వాడితే ఇబ్బంది లేదంటారు, నిజమేనా?

జవాబు: కాదు. ఇన్ని సెకన్ల దాకా వాడుకోవచ్చన్న మినహాయింపు మన కాపీరైట్ చట్టంలో లేదు. ఊళ్లో డప్పు కొట్టేవారి చేత రెండు నిమిషాలు కొట్టించి రికార్డు చేసుకోండి. డబ్బు ఇవ్వండి, వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి, పేరు టైటిళ్లలో వేయండి.

ప్రశ్న: తెలుగు టైటిళ్లలో ఒత్తులు విడిపోతున్నాయి. (బీటెక్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: ప్రీమియర్ ప్రో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కు వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాటిలో కొట్టింది వేరే ఫాంట్‌లో చెత్తగా కనిపిస్తుంది. మండలి, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి, యూనికోడ్‌వే. ఏ సాఫ్ట్‌వేరూ మాట వినకపోతే అక్షరాలను వేరేచోట పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా చేసి అతికించండి. ‘ఓటు హక్కు’లోని ‘క్క’ సరిగ్గా వచ్చిందో లేదో తెర మీద పెద్దది చేసి చూశాకే పంపండి.