బావ పుస్తకాలు యూనివర్సిటీకి ఇచ్చే ముందు

చిరంజీవి అబ్బాయికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న పుస్తకాలన్నీ యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. వ్యాన్ మాత్రం ఇప్పుడే మాట్లాడకు.

నేను పనిచేసిన లైబ్రరీకి ఒక పెద్దాయన పిల్లలు నలభై అట్టపెట్టెలు తెచ్చి దించి వెళ్లారు. లిస్టు లేదు. చూసి రిజిస్టర్‌లోకి ఎక్కించడానికి మేం ఇద్దరమే. మెట్ల కింద రెండు వానాకాలాలు ఉండిపోయాయి. తెరిచేసరికి అడుగు వరస పెట్టెలన్నీ చెదలు తినేశాయి. పేజీల అంచున ఆయన పెన్సిల్‌తో రాసుకున్న మాటలు కూడా పోయాయి. ఆ తప్పులో నా వంతూ ఉంది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ముందు లిస్టు రాయి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, ఇప్పుడెలా ఉందో చాలు. పత్రికలు మాత్రం నెలవారీగా విడిగా రాయి. బావ దగ్గర పాత ‘భారతి’ సంచికలు ఉండేవి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో మొదలుపెట్టిన పత్రిక అది. లైబ్రరీ వరసలో లేని ఒక్క నెల సంచిక దొరికినా, అక్కడ ఇప్పటికే ఐదు కాపీలున్న నవల కన్నా వాళ్లకు ఎంతో విలువ. లిస్టు లైబ్రేరియన్‌కి ఇచ్చి, కావలసినవి ఎంచుకోమను. వద్దన్నవాటి గురించి మనసు కష్టపెట్టుకోకు. మన ఊరి శాఖా గ్రంథాలయంలో వాటిని చదివేవాళ్లుంటారు.

నాన్న పేరుతో వేరే గది కావాలని అక్క అంటోందట. వద్దని నచ్చజెప్పు. తాళం వేసిన గదిలో కంటే, చరిత్ర పుస్తకాల మధ్య ఉంటేనే చరిత్ర వెతికే కుర్రాడి చేతికి దొరుకుతాయి. అట్ట లోపల బావ పేరున్న చీటీ అంటించమని, కేటలాగులో కూడా ఆ పేరు రాయమని అడుగు. చేతిరాత నోట్సు, ఉత్తరాలు, తాళపత్రాలు మాత్రం విడదీయకుండా ఒకేచోట ఉంచమని గట్టిగా చెప్పు. ఉత్తరాలు ఇచ్చే ముందు నువ్వు చదువు, వేరేవాళ్ల ఇంటి సంగతులు ఉండొచ్చు.

ఇక డబ్బు. పుస్తకాలతో పాటు బైండింగుకి, కేటలాగు పనికి ఎంతో కొంత ఇవ్వు. బ్రౌన్ దొర తెలుగు తాళపత్రాలు పోగుచేసి ఊరుకోలేదు. సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ పని జరిగింది కాబట్టే ఎన్నో కావ్యాలు మనదాకా వచ్చాయి. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లంతా దండం పెట్టుకునే రంగనాథన్‌గారు తన పొదుపులోంచి లక్ష రూపాయలు మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చి, భార్య శారదగారి పేరిట ఆచార్య పదవి ఏర్పాటు చేయించారు. మనకంత శక్తి లేకపోయినా, అసలు కదపకుండా వడ్డీతో ఏటా పుస్తకాలు కొనేలా చిన్న నిధి పెట్టొచ్చు. దేనికి వాడాలో కాగితం మీద రాయించు. ‘శాసనాలకే’ అని బిగించకు, ‘తెలుగువారి చరిత్రకు’ అని రాయి. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే లైబ్రేరియన్‌కి చేతులు కట్టేసినట్టు ఉండకూడదు.

సంక్రాంతి అయ్యాక వచ్చి రెండు రోజులుంటాను, లిస్టు కలిసి రాద్దాం. ఈలోపు పుస్తకాలు గోడకు ఆనించకుండా బల్ల మీద పెట్టు. వాటి మధ్యలో ఉన్న చీటీలు ఒక్కటి కూడా తీసి పారెయ్యకు, నేను చూడాలి.

మామయ్య