కోడ్ సందేహాలు: బ్రూట్ ఫోర్స్ రాయొచ్చా?

ప్రశ్న: మారతహళ్లి పీజీలో ఉంటూ ఇంటర్వ్యూలకు ప్రిపేరవుతున్నాను. చదరంగం బల్ల మీద ఎనిమిది క్వీన్‌లను ఒకదాన్నొకటి కొట్టకుండా ఎన్ని రకాలుగా పెట్టొచ్చో లెక్కపెట్టే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. 64 గళ్లలో ఎనిమిదేసి చొప్పున తీసి అన్నీ చూస్తుంది. భోంచేసి వచ్చినా ఇంకా నడుస్తూనే ఉంది. ఇలా అన్నిటినీ ఒక్కోటిగా ప్రయత్నించి చూసే బ్రూట్ ఫోర్స్ మానేయమంటున్నారు రూమ్మేట్లు. మానేయాలాండీ?
– ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: అక్కర్లేదు. కాకపోతే కోడ్ మొదలుపెట్టే ముందు ఒక గుణకారం చేసుకోండి. 64 గళ్లలోంచి ఎనిమిదిని ఎంచుకునే విధాలు 442 కోట్లకు పైనే. పైథాన్ లూప్ సెకనుకు ఇంచుమించు కోటి చిన్న పనులు చేస్తుంది. ఒక్కో అమరికకు ఒక్క పనే అనుకున్నా ఏడు నిమిషాలు దాటుతుంది. మీ ప్రోగ్రాం ఒక్కోదాంట్లో 28 జతల దాకా సరిచూస్తోంది, ఇక గంటలు పట్టక ఏం చేస్తుంది!

అడ్డు వరుసకు ఒక్క క్వీనే అని ముందే కట్టడి చేస్తే 442 కోట్లు కాస్తా 1,67,77,216కు దిగుతాయి. నిలువు వరుస కూడా రెండోసారి రాకూడదంటే ఎనిమిది అంకెల పర్ముటేషన్లే, అంటే వాటిని వరసలు మార్చి పేర్చే విధాలే మిగులుతాయి: 40,320. అప్పుడు చూడాల్సింది ఐమూల ఒక్కటే. రెండు క్వీన్‌ల అడ్డు వరుసల తేడా, నిలువు వరుసల తేడా సమానమైతే ఆ అమరిక తీసేయాలి. సెకను లోపే 92 వస్తుంది. ఇదీ బ్రూట్ ఫోర్సే.

ఏ పజిల్లోనైనా ముందు ఎన్, అంటే ఇన్‌పుట్‌లో ఎన్ని అంశాలుంటాయో ఆ సంఖ్య, ఎంతవరకు ఇచ్చారో చూడండి. 20 అయితే ఉపసమితులన్నీ కలిపి 10,48,576, హాయిగా తిరగొచ్చు. రెండు లక్షలైతే లూప్‌లో లూప్ పెట్టినా టైమ్ లిమిట్ దాటిపోతుంది. అలాంటప్పుడు వేగంగా నడిచే కోడ్ వేరే రాసుకోవాల్సిందే, కానీ నెమ్మదిదాన్ని చెరిపేయకండి. ఎన్ 1 నుంచి 6 లోపు, విలువలు 1 నుంచి 5 లోపు ఉండేలా ర్యాండమ్ ఇన్‌పుట్‌లు తయారుచేసి రెండింటికీ ఇవ్వండి. జవాబులు తేడా వచ్చిన తొలి ఇన్‌పుట్ దగ్గర ఆపి ప్రింట్ చేయించండి. విలువలు చిన్నవైతే ఒకే అంకె పదేపదే వస్తుంది, ఎక్కువ తప్పులు అక్కడే దొరుకుతాయి. పైగా కాగితం మీద చేత్తో సరిచూసుకోవచ్చు.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకతను ఏ పజిల్నైనా మూడు లైన్లలో తేల్చేస్తాడు. పేర్లన్నీ ఒక్కో అక్షరమే. పజిల్ కోడ్‌కు స్టైల్ అవసరమా?
– ఓ పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మూడు లైన్లు సరదాకి బాగుంటాయి, తప్పు వెతకాల్సి వచ్చినప్పుడే చిక్కు. లూప్‌కు ఐ, జె అని పెడితే తప్పేం లేదు, గళ్ల పజిల్లో మాత్రం రో (అడ్డు వరుస), కాల్ (నిలువు వరుస) అని రాయండి. ఐ, జె తారుమారైతే 5×5 గ్రిడ్‌లో ఎర్రర్ రాదు. 3×5 ఇచ్చినప్పుడే ఇండెక్స్ దాటి బయటపడుతుంది.

సరిచూసే భాగాన్ని వేరే ఫంక్షన్‌లో పెట్టండి. 8 అని నాలుగుచోట్ల కొట్టకుండా పైన ఒక్కచోట రాస్తే, క్వీన్‌ల పజిల్ని 4కు నడిపి 2, 6కు నడిపి 4 వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. బ్యాక్‌ట్రాకింగ్ (ఒక్కో క్వీన్‌ను పెట్టుకుంటూ వెళ్లి, కుదరకపోతే వెనక్కి వచ్చి మార్చే పద్ధతి) రాసేవాళ్లు తరచూ పడే గొయ్యి మరొకటుంది: దొరికిన అమరికను జవాబుల లిస్టులో వేసేటప్పుడు కాపీ తీయకపోవడం. వెనక్కి వస్తూ పాప్ చేసినప్పుడల్లా, అంటే చివరిదాన్ని తీసేసినప్పుడల్లా, అదే లిస్టు ఖాళీ అవుతూ పోతుంది. చివరికి 92 జవాబులూ ఉంటాయి, అన్నీ ఖాళీ లిస్టులే.