సుగ్గికి వెళ్లిన ఇళ్లలో మిగిలిన అవ్వల మతిమరుపు

పాఠకుల ప్రశ్నలు - డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: నేను కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఆశా కార్యకర్తను. ఇంటింటికీ తిరిగి సీబ్యాక్ ఫారాలు (ఎవరికి ఏ జబ్బు ముప్పు ఉందో ముందే గుర్తించే ప్రశ్నల పట్టికలు) నింపుతాను. అందులో 60 దాటినవాళ్లను ‘దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నారా?’ అని అడగాలి. అందరూ లేదనే అంటారు. కానీ కొందరు అవ్వల్లో నాకు ఏదో తేడా కనిపిస్తోంది. పిల్లలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) వెళ్లారు, అడుగుదామంటే ఇంట్లో ఎవరూ లేరు. అవ్వలకు చదువు రాదు. ఒక డాక్టరు గారికి చెబితే ‘వయసైపోయింది కదమ్మా’ అన్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ‘వయసైపోయింది’ అన్న మాటతో మీరు ఆగిపోకండి. వయసు మీద పడితే నడక నెమ్మదిస్తుంది, పేరు నోటికి రావడానికి కాస్త సమయం పడుతుంది. అంతేగానీ, పెళ్లయిన నాటి నుంచి చేస్తున్న జొన్నరొట్టె ఉన్నట్టుండి చేతకాకుండా పోదు. అలా పోయిందంటే అది జబ్బు. మన దేశంలో లాసీ-డాడ్ అనే అధ్యయనం వివరాలు 2023లో వెలువడ్డాయి. 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని దాని అంచనా. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో, చదువుకున్నవారికంటే చదువు లేనివారిలో ఎక్కువ. మీరు చూస్తున్న అవ్వలు ఈ మూడింటిలోనూ ఉన్నారు.

ఆ ఫారంలో మతిమరుపు గురించి ఒక ప్రశ్న ఉండటమే మేలు. కాకపోతే అది ఆలస్యంగా పట్టే ప్రశ్న. కన్నబిడ్డ పేరు మరిచే నాటికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. పైగా మరిచిపోయేవాళ్లను ‘మరిచిపోతున్నారా?’ అని అడిగితే ఏం చెబుతారు? పక్కింటివాళ్లు వింటుంటే అసలే చెప్పరు. అందుకని ఫారంలో ఉన్నది అడిగి రాసుకోండి, ఆ తర్వాత కాసేపు కూర్చుని పనుల గురించి మాట్లాడండి. ఒకటో తేదీన వచ్చిన పింఛను ఎక్కడ దాచారో గుర్తుందా, అంగట్లో చిల్లర సరిచూసుకుంటున్నారా, చేనికి ఒంటరిగా వెళ్లి రాగలుగుతున్నారా, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతున్నారా, బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ తెలుస్తోందా? నిరుటికీ ఇప్పటికీ ఏం మారిందన్నదే మీకు కావలసింది.

ఇంట్లో ఎవరూ లేకపోతే ఎదురింటివాళ్లను అడగండి. నేను ఆ వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేటప్పుడు ఒక అవ్వను ఎదురింటామే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పింఛను డబ్బు బియ్యం డబ్బాలో పెట్టి, ఎవరో ఎత్తుకుపోయారని వీధిలో తగువు పడుతోందట. పొయ్యి మీద పాలు పెట్టి మరిచి గిన్నెలు మాడ్చేస్తోందట. కొడుకుకు ఫోను చేస్తే ‘బాగానే ఉందే, నాతో మామూలుగానే మాట్లాడింది’ అన్నాడు. వారానికోసారి ఫోనులో రెండు మాటలు మాట్లాడేవారికి ఇది తెలియదు. రక్తపరీక్షలో ఆమెకు బీ12 విటమిన్ బాగా తక్కువగా ఉందని తేలింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక పింఛను లెక్క మళ్లీ తనే చూసుకునే స్థితికి వచ్చింది. అందరికీ ఇలా తగ్గుతుందని ఆశ పెట్టను, అల్జీమర్స్ అయితే పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. కానీ బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, మనసు కుంగుబాటు, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టడం వంటివి వైద్యానికి లొంగుతాయి. అవి ఉన్నాయో లేవో చూడకుండా ముసలితనమని పంపేయడం అన్యాయం.

చదువు రాదని దిగులు పడకండి. చదువు లేనివారికి పనికొచ్చే పరీక్షను హరియాణాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో 1990లలోనే రూపొందించారు. కాగితం మీద రాసింది చదివించే బదులు ‘నా ముఖం చూసి నేను చేసినట్టు చేయండి’ అని కళ్లు మూసి చూపిస్తారు. ఇలాంటివి చేయాల్సింది వైద్యులు, మీరు కాదు. పరీక్షకు ముందు చెవులు, కళ్లు చూడమని మాత్రం అడగండి. శుక్లాలున్న అవ్వ, వినపడని తాత మతి లేనివాళ్లలాగే కనిపిస్తారు.

మీ వంతు పని తేడా ఉన్నవారిని గుర్తించి, చీటీ రాసి పంపడం. ఏ తేడా లేని పెద్దవారందరికీ పరీక్ష పెడితే మేలు జరుగుతుందనడానికి ఇంకా చాలినన్ని ఆధారాలు లేవు. ముందు విలేజ్ క్లినిక్, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. షుగర్, థైరాయిడ్ పరీక్షలకు వీలైతే అక్కడే రక్తం తీయించండి. నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికి పంపితే రోగికీ తోడు వెళ్లినవారికీ ఆ రోజు కూలి పోతుంది, రక్తపరీక్షకే తిప్పి పంపితే మళ్లీ వెళ్లరు. కాగితాలు చేతికొచ్చాకే పెద్దాసుపత్రిలోని న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల) విభాగానికి పంపండి. రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడి, మగతగా ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే 108కి ఫోను చేయండి. అది ఎండదెబ్బ కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రక్తంలో ఉప్పు తగ్గడం కావచ్చు. కుటుంబానికి మాట సాయం కావాలంటే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ఫోను సేవ టెలి మానస్ 14416, వయోవృద్ధులకు 14567 ఉన్నాయి, రెండూ ఉచితం.

ఇక ప్రభుత్వం చేయాల్సింది. కేరళ 2014లోనే డిమెన్షియాకు ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. మీకు పొరుగునే ఉన్న కర్ణాటకలో, బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌తో కలిసి 2022లో మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టి, ప్రాథమిక కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇస్తున్నారు. మన దగ్గరా ముందు కావలసింది అదే. ఆశా కార్యకర్త గుర్తించి పంపిన మనిషిని డాక్టరు పట్టించుకోకపోతే ఫారంలో ఎన్ని ప్రశ్నలున్నా ఏం లాభం? సుగ్గికి వెళ్లే మండలాల్లో జనం ఊళ్లో ఉండే నెలల్లోనే ఈ సర్వే పెట్టాలని మీ నెలవారీ సమావేశంలో గట్టిగా అడగండి.

ప్రశ్న: మాది ఆదోని. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కన్నడం మాట్లాడతాం. ఎక్కువ భాషలు వస్తే మతిమరుపు రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: రాదని కాదు, ఆలస్యంగా రావచ్చు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించారు. ఒకే భాష వచ్చినవారికంటే రెండు అంతకు మించి వచ్చినవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మీ మూడు భాషలూ పిల్లలకు నేర్పండి. భాషల మీద నమ్మకంతో బీపీ, షుగర్ మాత్రలు మానకండి, వినికిడి తగ్గితే యంత్రం పెట్టించుకోండి.