షంట్ సెన్సర్‌కు సున్నా దగ్గరే అసలు పరీక్ష

ప్రశ్న: తలలో నీరు చేరిన పిల్లలకు, ఆ నీటిని ఒంట్లో మరోచోటికి మళ్లించడానికి చర్మం కింద వేసే సన్నటి గొట్టమే షంట్. అందులో ద్రవం పారుతోందో లేదో, అది మోసుకెళ్లే వేడిని బట్టి చర్మం మీంచి చెప్పే థర్మల్ సెన్సర్ మా ప్రాజెక్టు. సిరింజి పంపుతో గంటకు 20 నుంచి 60 మి.లీ. వరకు చూశాం, బాగానే చూపిస్తోంది. మా గైడ్ మాత్రం ఇది చాలదంటున్నారు. ఇంకేం చెయ్యాలి?
– బయోమెడికల్ విద్యార్థి, తార్నాక

జవాబు: మీ గైడ్ మాటే సరైనది. పెద్దవాళ్లకే ఈ ద్రవం గంటకు సుమారు 20 మి.లీ. ఊరుతుంది, పసివాళ్లకు ఇంకా తక్కువ. కాబట్టి 0, 1, 2, 5, 10, 20 మి.లీ.ల దగ్గర చూడండి. వరస మార్చి మార్చి చూడండి, ఎక్కుతూ పోతే సెన్సర్ వేడెక్కడాన్ని ప్రవాహం పెరిగిందని పొరబడతారు.

1.2 మి.మీ. లోపలి వ్యాసమున్న గొట్టంలో గంటకు 5 మి.లీ. అంటే ద్రవం సెకనుకు మిల్లీమీటరు పైచిలుకే కదులుతుంది. అది మోసుకెళ్లే వేడి అత్యల్పం. ఏసీ గాలి సెన్సర్ మీద పడినా ఆ తేడా కొట్టుకుపోతుంది. పైన చిన్న పెట్టె బోర్లించి, సెలైన్‌నూ గొట్టాన్నీ 37 డిగ్రీల దగ్గర ఉంచండి. చర్మం బదులు జెలటిన్ వాడొద్దు, ఆ వేడికి కరిగిపోతుంది. అగార్ గానీ మెత్తటి సిలికాన్ గానీ 2, 4, 6 మి.మీ. మందాల్లో పోసుకోండి. అగార్ ఎండిపోకుండా పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పాలి.

పంపు తెర మీది అంకెను నమ్మొద్దు. 50 మి.లీ. సిరింజిలో ఇంత తక్కువ వేగానికి పిస్టన్ ఆగి ఆగి జరుగుతుంది. 5 లేదా 10 మి.లీ.ది పెట్టండి. బయటికొచ్చిన ద్రవాన్ని మిల్లీగ్రాము చూపే త్రాసు మీద తూచండి. గొట్టం కొస నుంచి చుక్కలు పడనివ్వకూడదు: చుక్క సుమారు 0.05 మి.లీ., గంటకు 3 మి.లీ. అయితే నిమిషానికి ఒకటే పడుతుంది, లెక్క కుదుపులమయం అవుతుంది. కొసను బీకరులోని నీటిలో ముంచండి, గాజుకు మాత్రం తగలకూడదు. ఆవిరి కాకుండా పైన పల్చగా పారాఫిన్ నూనె పొయ్యండి.

సున్నా ప్రవాహాన్ని పంపు ఆపి కొలవడం చాలదు. సిలికాన్ గొట్టం సాగి ఉంటుంది కాబట్టి పంపు ఆగాక కూడా కాసేపు ద్రవం కారుతూనే ఉంటుంది. సెన్సర్‌కు రెండు వైపులా త్రీ-వే, అంటే గొట్టానికి బిగించే చిన్న కుళాయి, పెట్టి (కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో దొరుకుతాయి) మూసెయ్యండి, ఆ తర్వాత రాత్రంతా రీడింగ్ తియ్యండి. కరెంటు పోతే ఆ రాత్రి వృథా, యూపీఎస్ పెట్టుకోండి. తెల్లారేసరికి రీడింగ్ ఎంత జారిందో, మీ సెన్సర్ అంతకన్నా చిన్న ప్రవాహాన్ని పట్టుకోలేదు. అన్నిటికన్నా విలువైన అంకె ఇదే.

అడ్డంకిని మాత్రం పంపుతో చూడకండి. పంపు అడ్డొచ్చినా తోస్తూనే ఉంటుంది, పీడనం పెరుగుతుంది తప్ప ప్రవాహం తగ్గదు. శరీరంలో అలా జరగదు. సెలైన్ సీసాను కొంత ఎత్తులో వేలాడదీసి, షంట్‌లో వాడే నిజమైన వాల్వ్ (తగినంత పీడనం ఉంటేనే తెరుచుకునే కవాటం) గుండా పంపి, గొట్టాన్ని క్లాంపుతో కొద్దికొద్దిగా నొక్కండి. సీసా ఎత్తు మారిస్తే పిల్లాడు పడుకున్నప్పుడూ కూర్చున్నప్పుడూ వచ్చే తేడా కూడా తెలుస్తుంది.

చర్మానికి తగిలే భాగం ఎప్పుడూ 41 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. పసిచర్మం పల్చన.

ప్రశ్న: సెలైన్ బదులు బోరు నీళ్లు వాడొచ్చా?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వద్దు. గట్టి నీటిలోని సున్నం గొట్టంలోనూ వాల్వ్‌లోనూ పేరుకుంటుంది. సెలైన్‌ను కూడా ముందే కాచి చల్లార్చి వాడండి. లేకపోతే 37 డిగ్రీల దగ్గర గాలి బుడగలు పుట్టి, సెన్సర్ కింద ఒక్కటి నిలిచినా రీడింగ్ పనికిరాదు.

ప్రశ్న: మా పాపకు షంట్ ఉంది. ఇలాంటి సెన్సర్ సున్నా చూపిస్తే షంట్ మూసుకుపోయినట్టేనా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: కాదమ్మా. బాగున్న షంట్‌లో కూడా ద్రవం ఆగి ఆగి పారుతుంది. తలలో పీడనం వాల్వ్ తెరుచుకునేంత లేనప్పుడు కాసేపు సున్నా ఉండటం మామూలే. భంగిమ మార్చి, కొంతసేపు వరసగా చూస్తేనే ఆ రీడింగ్‌కు అర్థం.

అలాగే ప్రవాహం ఉందని చూపించినంత మాత్రాన ధైర్యపడి ఊరుకోవద్దు. పాపకు మళ్లీ మళ్లీ వాంతులు, ఎన్నడూ లేని మగత, తలనొప్పి, మాడు ఉబ్బడం, కళ్లు కిందికి వాలిపోవడం, షంట్ వెంబడి ఎర్రబడి జ్వరం – వీటిలో ఏది కనిపించినా సెన్సర్ సంగతి పక్కనపెట్టి, న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెంటనే తీసుకెళ్లండి. పాత స్కాన్‌లు, ఏ వాల్వ్ వేశారో రాసిన డిశ్చార్జి కాగితం వెంట ఉంచుకోండి. బాగున్నప్పటి స్కాన్‌తో పోల్చి చూడటానికి డాక్టర్లు మొదట అడిగేది వాటినే.