ఫోనిస్తే చెడిపోతుంది, కాలేజీ మానేస్తే బాగుపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం కంప్యూటర్స్ చదువుతోంది. నోట్సు, అసైన్‌మెంట్లు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెడుతున్నారట, స్మార్ట్‌ఫోన్ కావాలంటోంది. ఇస్తే చెడిపోతుందని నా భయం, ఇప్పటిదాకా బటన్ ఫోనే. మా బావమరిదేమో ‘అంతా ఫోన్‌లోనే చెబుతుంటే హాస్టల్ ఖర్చెందుకు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ డిగ్రీ చేస్తుంది, పక్కన డేటా సైన్స్ కోర్సొకటి కట్టిద్దాం’ అంటున్నాడు. ఏది మేలో పోల్చి చెప్పండి. ఇంటర్ చదివే మావాడి ఫోన్ నుంచి రాస్తున్నాను. – ఒక తండ్రి, పత్తికొండ

జవాబు: అన్నా, మీరు చివర్లో రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. ఇంటర్ చదివే కొడుక్కి స్మార్ట్‌ఫోన్, డిగ్రీ చదివే కూతురికి బటన్ ఫోన్. వాడు చెడిపోడా? పైగా ఫోనిస్తేనే పాడైపోతుందన్న పిల్లకి చదువంతా ఫోన్‌లోనే పెట్టిస్తామంటున్నారు. అంటే మీ భయం ఫోన్ గురించి కాదు, పిల్ల కళ్లెదుట లేదని. ఆదోని నుంచి వచ్చినవాళ్లూ, ఆలూరు నుంచి వచ్చినవాళ్లూ ఇదే అడుగుతారు. ఒకరు ట్యాబ్ పేరు చెబుతారు, ఇంకొకరు ల్యాప్‌టాప్ పేరు చెబుతారు, అంతే తేడా.

ఆ పీడీఎఫ్‌లు ఇప్పుడు ఎక్కడ చూస్తోందో ఎప్పుడైనా అడిగారా? హాస్టళ్లలో నేను చూసేది చెబుతాను. పక్క మంచం అమ్మాయి చదువు అయ్యాక, రాత్రి పదకొండు దాటాక, ఆమె ఫోన్ అడిగి తీసుకుని పేజీ పేజీ నోట్‌బుక్కులోకి ఎక్కించుకుంటారు. మధ్యలో ఆమెకి కాల్ వస్తే ఫోన్ ఇచ్చేసి కూర్చోవాలి. అలా నెట్టుకొస్తూనే మీ దగ్గర దాచకుండా అడిగిన పిల్ల మీది. చెడిపోయేవాళ్లు ఇలా అడగరు, ఆ దిగులు వదిలేయండి.

ఫోన్‌తో చదువు ఎంతవరకు నడుస్తుందంటే, వినడానికి బాగా నడుస్తుంది. క్లాసులో ఇంగ్లిష్‌లో గబగబా చెప్పి వెళ్లిపోయిన పాఠాన్ని రాత్రి నెమ్మదిగా, ఆపి ఆపి మళ్లీ వినొచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఇది చిన్న సాయం కాదు. ప్రోగ్రామింగ్ మాత్రం ఫోన్‌లో వచ్చే విద్య కాదు. కీబోర్డు పైకి రాగానే సగం తెర పోతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లోపలికి జరిపి రాయాల్సిన లైన్లు మడతపడి కిందికొస్తాయి, ఏది దేని కిందదో తెలీదు. కోలన్ కోసం ఒకసారి, బ్రాకెట్ కోసం ఒకసారి గుర్తుల పేజీకి వెళ్లి రావాలి. ఇరవై లైన్లు రాసేసరికి ఓపిక చచ్చిపోతుంది. ఆ పని కాలేజీ ల్యాబ్‌లో, తప్పు చూపించే మనిషి పక్కనుండగా జరగాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైనప్పుడు పల్లెల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లలకి ల్యాప్‌టాప్‌లిచ్చి చదివించారు. కానీ వాళ్లని ఇళ్లకి పంపలేదు కదా, హాస్టల్లో పెట్టే చదివించారు.

ఇక మీ బావమరిది మాట. ఆన్‌లైన్ డిగ్రీ చెల్లదని నేననను. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ అనుమతి ఉన్న యూనివర్సిటీ ఇస్తే అది మామూలు డిగ్రీతో సమానమే. కానీ అది ఎవరికి? ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి, మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లకి. రెండో ఏడాదిలో ఉన్న పిల్లని ల్యాబ్ నుంచీ స్నేహితుల నుంచీ లాక్కొచ్చి వంటింటి పక్క గదిలో కూర్చోబెడితే, పాఠం మధ్యలో నీళ్లు పట్టమనే పిలుపొస్తుంది, ఆర్నెల్లు తిరిగేసరికి సంబంధాలు మొదలవుతాయి. కోపమొచ్చినా సరే, మన జిల్లాల్లో జరిగేది ఇదే. ఐఐటీ మద్రాస్ 2020లో డేటా సైన్స్ డిగ్రీని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది కదా, అక్కడ కూడా పాఠాలు ఇంట్లో విన్నా పరీక్షలకి సెంటర్‌కి వెళ్లి కూర్చోవాల్సిందే.

నాకు అసలు అనుమానం ఆ ‘పక్కన డేటా సైన్స్ కోర్సు’ మీద. ఫోన్ చేసి పొగిడి, ‘ఈ రోజు సీటు బ్లాక్ చేస్తే సగం ఫీజు’ అంటారు. ఈఎమ్‌ఐ అన్నారంటే అది ఫీజు వాయిదా అనుకోకండి, చాలాసార్లు మీ పేరు మీద పుట్టే అప్పు. కోర్సు నచ్చక పిల్ల మానేసినా అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ మానదు, ప్రతి నెలా ఖాతాలో కోత పడుతుంది. యూనివర్సిటీలు ఎడ్‌టెక్ కంపెనీలకు, అంటే ఆన్‌లైన్‌లో కోర్సులమ్మే కంపెనీలకు, ఫ్రాంచైజీ ఇచ్చి డిగ్రీలు నడపడం కుదరదని 2022 జనవరిలోనే యూజీసీ హెచ్చరించింది. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అంటే ఆ షరతులు కాగితం మీద అడగండి, అక్కడితో ఫోన్లు ఆగిపోతాయి. స్టాటిస్టిక్స్ గట్టిగా రాకుండా డేటా సైన్స్ నేర్పిస్తామనే ఏ యాప్‌నీ నేను నమ్మను. ఆ స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్లు మీ అమ్మాయి కాలేజీలోనే దొరుకుతారు.

పోలిక అడిగారు, నా లెక్కలో పోలికే లేదు. పిల్ల కాలేజీలోనే ఉండాలి, చేతికి ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ రావాలి. ట్యాబ్ దండగ, ఆ డబ్బు చివరి ఏడాది ల్యాప్‌టాప్‌కి దాచండి. ఫోన్ రాగానే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల సైటు స్వయం పోర్టల్‌లో, ఐఐటీల వాళ్లు చెప్పే ఎన్‌పీటెల్ కోర్సు ఒకటి, ఒక్కటే, తీసుకోమనండి. వినడానికి రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. వారం వారం అసైన్‌మెంట్లకి 25, సెంటర్లో రాసే పరీక్షకి 75 మార్కులు. గడువు దాటితే ఆ వారం పోయినట్టే. ఆ కోర్సు క్రెడిట్లు, అంటే పాసైతే వచ్చే పాయింట్లు, డిగ్రీలో కలుపుతారో లేదో చేరే ముందే కాలేజీలో అడగాలి. యూజీసీ ఒప్పుకుంటుంది, కానీ కలపాల్సింది వాళ్లు.

సిమ్ మాత్రం అమ్మాయి పేరు మీదే తీసుకోండి, ఆధార్‌కీ ఆ నంబరే లింక్ చేయించండి. తమ్ముడి నంబరు ఇచ్చారంటే క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, అదే ఏబీసీ ఐడీ, తీసేటప్పుడు ఓటీపీ పత్తికొండకొస్తుంది, ఆ టైముకి వాడు క్లాసులో ఉంటాడు.