పెరటి కోళ్లు, జోనింగ్ నోటీసు: చట్టం మనవైపు ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న: మేము మిషిగన్‌లోని ఒక శివారు టౌన్‌షిప్‌లో (స్థానిక పాలనా ప్రాంతంలో) పావు ఎకరం స్థలమున్న సొంత ఇంట్లో ఉంటున్నాము. నిరుటి వేసవి నుంచి పెరట్లో ఐదు పెట్టలను పెంచుతున్నాము. పుంజు లేదు. మేము వాడుకోగా మిగిలిన గుడ్లను తెలిసినవారికి అమ్ముతుంటాము. నివాస ప్రాంతంలో కోళ్లను ఉంచడం జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే) నిబంధనలకు విరుద్ధమని, పద్నాలుగు రోజుల్లో తీసివేయాలని టౌన్‌షిప్ నోటీసు పంపింది. ‘రైట్ టు ఫార్మ్’ (సాగు చేసుకునే హక్కు) చట్టం ఉండగా టౌన్‌షిప్ ఏమీ చేయలేదని మావారి సహోద్యోగి అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం?
– ఒక పాఠకురాలు, మిషిగన్

జవాబు: ఆ సహోద్యోగి చెప్పిన మాట ఒకప్పుడు చాలా బలమైన వాదనే. అయితే మీలాంటి ఇళ్ల విషయంలో 2014 తరువాత దాని బలం చాలావరకు పోయింది. అందువల్ల ఆ ఒక్క మాట మీద నమ్మకం పెట్టుకుని నోటీసును పక్కన పడేయవద్దని ముందుగా కోరుతున్నాను.

‘రైట్ టు ఫార్మ్’ చట్టాలు అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అవి పుట్టిన కారణం వేరు. పొలాల పక్కకు కొత్తగా ఇళ్లు వచ్చి, ఆ ఇళ్లవారు వాసన వస్తోందని, చప్పుడవుతోందని దావాలు వేస్తుంటే, అంతకుముందు నుంచే అక్కడ సాగు చేసుకుంటున్న రైతును కాపాడడానికి చేసిన చట్టాలవి. పెరట్లో కొత్తగా గూడు కట్టుకున్నవారికి జోనింగ్ నుంచి మినహాయింపు ఇవ్వడం చాలా రాష్ట్రాల్లో వాటి ఉద్దేశం కాదు. మిషిగన్ చట్టం మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది. 1981లో వచ్చిన ఆ చట్టాన్ని 1999లో సవరించినప్పుడు, రాష్ట్రం ఆమోదించిన వ్యవసాయ పద్ధతుల ప్రమాణాలను (వీటినే అక్కడ ‘గ్యాంప్స్’ అంటారు) పాటించే వాణిజ్య సాగుకు అడ్డుపడే స్థానిక ఆర్డినెన్సులు (స్థానిక సంస్థలు చేసే నిబంధనలు) చెల్లవని చేర్చారు. ఆ సవరణ ఆధారంగానే 2005లో షెల్బీ టౌన్‌షిప్ కేసులో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు, మూడెకరాలకు తక్కువ స్థలంలో కోళ్లను పెంచరాదన్న స్థానిక నిబంధన ఈ చట్టం ముందు నిలవదని చెప్పింది. సాగు వాణిజ్యపరమైనదని చూపడానికి కనీసం ఇంత అమ్మకం జరగాలన్న షరతు చట్టంలో లేదని కూడా అదే తీర్పులో ఉంది. మీరు అమ్మే కొద్దిపాటి గుడ్లు ఈ లెక్కన తీసిపారేయదగినవి కావు.

చిక్కు వచ్చింది ఆ తరువాతే. 2014 ఏప్రిల్‌లో రాష్ట్ర వ్యవసాయ కమిషన్ స్థల ఎంపిక ప్రమాణాలను మార్చి, ప్రధానంగా నివాస ప్రాంతమై, వ్యవసాయాన్ని హక్కుగా అనుమతించని చోట్లు పశుపక్ష్యాదుల పెంపకానికి తగినవి కావని ప్రకటించింది. సంఖ్య ఎంత తక్కువైనా ఈ మాట వర్తిస్తుంది. చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే, ప్రమాణాలు మారినందువల్ల శివారు ఇళ్లకున్న రక్షణ జారిపోయింది. నాలుగు పెట్టలను శుభ్రంగా పెంచుకునే కుటుంబాన్నీ వేల కోళ్ల ఫారాన్నీ ఒకే గాటన కట్టిన ఈ నిర్ణయం న్యాయమైనదని నేను అనుకోను. అయినా మీ కేసును తూచేది ఆ ప్రమాణాలతోనే. వాటిని ఏటా సమీక్షించాలని చట్టమే చెబుతోంది కనుక, ఈ ఏటి ప్రతిని రాష్ట్ర వ్యవసాయ శాఖ నుంచి తెప్పించుకుని, మీ స్థలం ఏ వర్గంలోకి వస్తుందో తప్పక చూడండి.

ఇక చేయవలసిన పని. నోటీసులో ఏ సెక్షన్‌ను ఉదహరించారో చూసి, ఆ సెక్షన్ పూర్తి పాఠాన్నీ దానికి సంబంధించిన నిర్వచనాలనూ చదవండి. కొన్ని ఆర్డినెన్సుల్లో కోళ్ల పేరే ఉండదు. ‘పశుసంపద’ అన్న మాటకు అధికారి చెప్పుకున్న అర్థం మీదే నోటీసు నడుస్తూ ఉంటుంది. అలాంటప్పుడు ఆ అర్థాన్ని జోనింగ్ బోర్డ్ ఆఫ్ అప్పీల్స్ (జోనింగ్ నిర్ణయాల మీద అప్పీళ్లు వినే స్థానిక బోర్డు) ముందు ప్రశ్నించవచ్చు. మిషిగన్‌లో అలా అప్పీలు వేస్తే, ఆలస్యం వల్ల ప్రాణానికో ఆస్తికో తక్షణ ప్రమాదముందని అధికారి లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తే తప్ప, తదుపరి చర్యలు ఆగిపోతాయి. అప్పీలుకు గడువు తక్కువగా ఉంటుంది కనుక తేదీ దాటనివ్వకండి. ఈ నిషేధం రాకముందే ఆ స్థలంలో కోళ్లు చట్టబద్ధంగా ఉండి, నేటివరకు కొనసాగుతున్నట్లయితే వాటిని కొనసాగించే హక్కు ఉంటుంది. మీరు మొదలుపెట్టింది నిరుడే కనుక నిషేధం ఏ తేదీన వచ్చిందో కనుక్కోవాలి. వేరియన్స్ (నిబంధన నుంచి ప్రత్యేక సడలింపు) కోరవచ్చని కొందరు చెబుతారు గానీ, నిషేధించిన వినియోగాన్ని అనుమతించే వేరియన్స్‌కు తీవ్రమైన ఇబ్బందిని రుజువు చేయవలసి ఉంటుంది, అది ఇచ్చే అధికారమే లేని బోర్డులు కూడా చాలా ఉన్నాయి. వీధిలో మరొకరికి కూడా కోళ్లున్నాయన్న వాదన దాదాపు ఎక్కడా నిలవదు, పైగా వారికీ నోటీసు తెచ్చిపెడుతుంది.

నా దృష్టిలో మీకు అన్నిటికంటే గట్టి దారి ఆర్డినెన్సునే మార్పించడం. ప్లానింగ్ కమిషన్‌కు సవరణ కోసం అర్జీ పెట్టుకుంటే బహిరంగ విచారణ జరుగుతుంది, ఆపైన టౌన్‌షిప్ బోర్డు ఓటు వేస్తుంది. మీ రాష్ట్రంలోనే ఆన్ ఆర్బర్ నగరం 2008లో అనుమతి పత్రంతో నాలుగు పెట్టల వరకు పెంచుకోనిచ్చింది. పుంజును నిషేధించడానికి, గూడును పొరుగు సరిహద్దు నుంచి దూరంగా ఉంచడానికి, దాణాను ఎలుకలకు అందకుండా మూత బిగించి దాచడానికి మీరే ముందుగా ఒప్పుకుంటే, సభ్యుల అభ్యంతరాల్లో చాలా వాటికి అక్కడే సమాధానం దొరుకుతుంది. ఇరుపక్కల ఇళ్లవారి సంతకాలున్న లేఖను జతచేయండి. అర్జీ తేలేవరకు చర్యలు నిలిపివేయమని అధికారిని రాతపూర్వకంగా కోరండి, ఆయన జవాబును కూడా రాతలోనే తీసుకోండి.

ప్రశ్న: అరిజోనాలో నగరాలు పెరటి కోళ్లను నిషేధించలేవని కొత్త చట్టం వచ్చిందట. మా హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట చెల్లుతుంది?
– ఒక పాఠకుడు, అరిజోనా

జవాబు: మీరు విన్నది నిజమే. 2024లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, అర ఎకరం లేదా అంతకు తక్కువ స్థలంలో విడిగా ఉన్న ఒకే కుటుంబపు ఇంటి పెరట్లో ఆరు కోళ్ల వరకు పెంచుకోవడాన్ని నగరాలు నిషేధించరాదు. పుంజులను నిషేధించే అధికారం మాత్రం వాటికి ఉంది. కానీ ఈ చట్టం కట్టిపడేసేది ప్రభుత్వాన్ని. హెచ్‌ఓఏ నిబంధనలు ఇల్లు కొన్నప్పుడు మీరు అంగీకరించిన ఒప్పందం కిందకు వస్తాయి కనుక అవి విడిగా అమలులో ఉంటాయి. మీ ఒప్పంద పత్రాల్లో కోళ్లను పేరు పెట్టి నిషేధించారా, లేక ‘ఇంట్లో పెంచుకునే జంతువులు’ అని మాత్రమే రాశారా చూడండి. మొదటిదైతే ఇంటి యజమానుల ఓటుతో సవరణ తేవలసిందే. రెండవదైతే ఒక న్యాయవాదికి ఆ పేరా చూపించి, బోర్డుకు లేఖ రాయించడం తగిన పని.